రాష్ట్రం అడగని కొలువు

కాల్ సెంటర్ కొలువంటే పెట్టె సర్దుకుని బెంగళూరుకో హైదరాబాదుకో బస్సెక్కడమే అన్న రోజులు పోయాయి. టెక్సాస్‌లో ఒక పళ్ల డాక్టరు క్లినిక్‌కు ఫోన్ చేస్తే ఎత్తేది బళ్లారి కౌల్‌బజార్‌లో మేడమీద గదిలో కూర్చున్న అమ్మాయి కావచ్చు. న్యూజెర్సీలోని చిన్న కన్సల్టెన్సీకి రిక్రూటర్ హోసూరులో ఉండవచ్చు. ఆన్‌లైన్‌లో బొమ్మలు అమ్ముకునే దుకాణానికి వచ్చిన ఈమెయిళ్లకు జవాబు రాసేది బరంపురం కుర్రాడు కావచ్చు. పెద్ద కంపెనీలు పాతికేళ్ల కిందటే మొదలుపెట్టిన పద్ధతిని ఇప్పుడు పదిమంది సిబ్బంది కూడా లేని చిన్న వ్యాపారులు అందుకున్నారు. దీన్ని వరమని నెత్తిన పెట్టుకోవడమూ, వెట్టి అని కొట్టిపారేయడమూ రెండూ తొందరపాటే. లెక్క చూసి మాట్లాడాలి.

అవతలివారి లెక్క సులువైనదే. అమెరికాలో ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఆగిపోయినా, కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో అది 16 డాలర్లు దాటింది. జీతం మీద సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద యజమాని తన వాటాగా మరో 7.65 శాతం కట్టాలి. గంటకు 16 డాలర్ల చొప్పున రోజుకు 8 గంటలు, నెలకు 22 రోజులు లెక్కగడితే జీతమే 2,816 డాలర్లు. అదే పనికి ఇక్కడి మనిషిని గంటకు 4 డాలర్లకు కుదుర్చుకుంటే 704 డాలర్లతో సరి. డాలరు 85 రూపాయలే అనుకున్నా అది 59,840 రూపాయలు. సరిహద్దు పట్నంలో కొత్తగా డిగ్రీ పూర్తిచేసినవారికి ఇది చిన్న మొత్తం కాదు. అటు నాలుగింట మూడు వంతులు మిగులు, ఇటు ఇల్లు కదలకుండా సంపాదన. అందుకే బేరం కుదురుతోంది.

దారి సుగమం కావడానికి మరో కారణం ఉంది. ఒకప్పుడు కాల్ సెంటర్ నడపాలన్నా, అందులో పనిచేసేవారిని ఇంటినుంచి పని చేయించాలన్నా టెలికం శాఖ దగ్గర రిజిస్ట్రేషన్, బ్యాంకు గ్యారంటీ అంటూ బోలెడు తతంగం ఉండేది. కేంద్రం 2020 నవంబరులో ఆ రిజిస్ట్రేషన్ నిబంధనను ఎత్తేసింది. 2021 జూన్‌లో దేశీయ, విదేశీ కాల్ సెంటర్లన్న తేడానూ తొలగించింది. అంటే చట్టం దృష్టిలో నగరంలోని అద్దాల మేడకూ, పర్లాకిమిడిలోని పెంకుటింటికీ పెద్ద తేడా లేకుండా పోయింది.

సరిహద్దు తెలుగువారికి దీని విలువ మిగతావారికన్నా ఒక పిసరు ఎక్కువే. 1936లో బరంపురం, పర్లాకిమిడి ఒడిశాలో కలిశాయి. 1953లో బళ్లారి కన్నడసీమలో చేరింది. గీతలు గీసినవారు వెళ్లిపోయారు, గీతకు అవతల పడ్డ కుటుంబాల పిల్లలు మాత్రం ఇప్పటికీ రెండిందాల తిప్పలు పడుతున్నారు. రాజ్యాంగంలోని 371-డి అధికరణ కింద తెలుగు రాష్ట్రాల కొలువుల్లో స్థానికత ప్రధానంగా ఎక్కడ చదివారన్నదాన్నిబట్టి తేలుతుంది గనుక అక్కడ వీరు బయటివారు. ఉన్నచోట ప్రభుత్వ కొలువు కావాలంటే ఆ రాష్ట్ర భాషలో నెగ్గుకురావాలి. తమిళనాడు 2021 చివర్లో నియామక పరీక్షలకు తమిళ పేపరును తప్పనిసరి చేసింది. యానాం పిల్లలకైతే సొంత రాజధాని పుదుచ్చేరి వందల కిలోమీటర్ల దూరం. ఏ రాష్ట్రం నీది, ఏ మీడియం చదివావు అని అడగని కొలువు ఒకటి ఇంటి గుమ్మంలోకి వచ్చిందంటే సంతోషించాల్సిందే.

అయితే అవతలి యజమానికి మిగిలిన సొమ్ములో జీతాల తేడా ఒక్కటే లేదు. పనివాడి భద్రతకు పెట్టాల్సిన ఖర్చు కూడా ఆ మిగులులోనే ఉంది. ఇలా కుదిరేవారిలో ఎక్కువమందిని ఉద్యోగి అనరు, స్వతంత్ర కాంట్రాక్టరు అంటారు. ఆ ఒక్క మాటతో పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు, జీతంతో కూడిన సెలవు లేదు, గ్రాట్యుటీ లేదు. మన పీఎఫ్ చట్టం 20 మంది, ఈఎస్ఐ 10 మంది పనిచేసే సంస్థలను దృష్టిలో పెట్టుకుని రాసుకున్నవి. ఇక్కడ ఆఫీసే లేని ఒంటరి యజమానిని అవి ఎలా పట్టుకుంటాయి? రేపటినుంచి రావొద్దని రాత్రి రెండు గంటలకు మెసేజ్ వస్తే అడిగే దిక్కు ఉండదు. నెలజీతం ఎగ్గొడితే సముద్రాలు దాటి దావా వేయగలిగేదెవరు?

రాత్రి సంగతి వేరే చెప్పాలి. న్యూయార్క్‌లో ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకా అంటే వేసవిలో మనకు సాయంత్రం ఆరున్నర నుంచి రాత్రి రెండున్నర. నవంబరులో అక్కడ గడియారం వెనక్కి తిప్పితే ఇక్కడ తెల్లవారుజాము మూడున్నర. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ రాత్రి షిఫ్టును క్యాన్సర్ కారకం అయ్యే అవకాశమున్న వాటి జాబితాలో 2007లో చేర్చింది, 2019లో మళ్లీ పరిశీలించి అదే మాట చెప్పింది. ఆడపిల్లలకు ఇంకో బరువు కూడా ఉంది. ఇంట్లోనే ఉందిగా అని తెల్లారి లేచి వంట, నీళ్లు, పిల్లల బడి అన్నీ ఆమెకే అప్పగిస్తారు. రాత్రి పనిచేసినవారు పగలు పడుకోవాలన్న ఇంగితం ముందు ఇంట్లోవాళ్లకు కలగాలి.

మధ్యవాళ్ల బెడద మరొకటి. యజమాని 704 డాలర్లు పంపుతుంటే ఏజెన్సీ చేతిలోంచి పిల్లలకు ఎంత రాలుతోందో చాలా చోట్ల కాగితం మీద ఉండదు. చేరడానికి డిపాజిట్ కట్టమన్నా, ఒరిజినల్ సర్టిఫికెట్లు దాచుకుంటామన్నా అది కొలువు కాదని గుర్తించాలి. మీ ఖాతాలో డబ్బు పడుతుంది, కమీషన్ ఉంచుకుని మిగతాది ఫలానా ఖాతాకు పంపండి అనేవారిని అసలే నమ్మకూడదు. అలా పంపినవారే రేపు సైబర్ నేరం కేసులో స్టేషన్ మెట్లెక్కాల్సి వస్తుంది. కంప్యూటర్ ఉద్యోగమని కంబోడియా తీసుకెళ్లి మోసాల ముఠాలకు అప్పగించిన వైనం 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టాక కూడా కళ్లు తెరవకపోతే ఎలా?

కాగితాల సంగతి తెలిసి ఉంటే సగం చిక్కులు తప్పుతాయి. పని ఏమిటి, గంటకెంత, ఏ తేదీకి చెల్లింపు, మానిపించాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నవి ఈమెయిల్‌లోనైనా రాయించుకోవాలి. తొలినాళ్లలో నెలకు కాక వారానికోసారి చెల్లింపు అడగడం మేలు. అమెరికా యజమాని డబ్ల్యూ-8బెన్ అనే ఫారం అడిగితే కంగారు పడనక్కర్లేదు. తాను అమెరికా పౌరుణ్ణి కానని చెప్పే పత్రమది. భారత్‌లో కూర్చుని చేసిన పనికి అక్కడ పన్ను పడదు గానీ ఇక్కడ ఆదాయపు పన్ను లెక్కలోకి వస్తుంది. సొమ్ము బ్యాంకు దారిలోనే రావాలి, వచ్చినట్టు పత్రం దాచుకోవాలి. సొంతంగా సేవలు అందించేవారి ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. ఎగుమతి సేవలపై పన్ను సున్నాయే అయినా, ముందుగా కట్టకుండా ఉండాలంటే ఏటా ఎల్‌యూటీ దాఖలు చేయాలి.

ఈ గాలి ఎప్పుడూ ఇటే వీస్తుందన్న భరోసా కూడా లేదు. విదేశాలకు పని అప్పగించే చెల్లింపులపై 25 శాతం పన్ను వేయాలంటూ 2025 సెప్టెంబరులో అమెరికా సెనేట్‌లో ఒక బిల్లు ప్రవేశపెట్టారు. ఆపై కృత్రిమ మేధ. మీ ఆర్డరు ఎక్కడుందో చెప్పే జవాబును యంత్రమే రాసేస్తోంది. చౌకగా దొరకడమే అర్హత అయితే ఇంకా చౌకైనది వచ్చిన రోజు ఆ కొలువు పోతుంది. పుస్తకాల లెక్కలు, మెడికల్ బిల్లింగ్ వంటి ఒక పనిలో లోతుగా పట్టు సాధించినవారు మాత్రం నిలుస్తారు. ట్యాలీ మీద చేయి తిరిగిన బీకాం పిల్లలకు క్విక్‌బుక్స్ కొత్త విద్యేమీ కాదు. జమ, ఖర్చు ఎక్కడైనా జమ, ఖర్చే.

చేయాల్సినవారు చేయాల్సిన పనులు పెద్దవేం కావు. బరంపురంలో సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కు కేంద్రం ఉంది. అటువంటి చోట్ల ఇంటినుంచి విదేశాలకు పనిచేసే పిల్లలకు ఒప్పందాలు, పన్నుల మీద నెలకోసారి సలహా ఇచ్చే ఏర్పాటు చేయవచ్చు. కార్మిక శాఖలు ఏజెన్సీల కమీషన్ ఎంతో రాతపూర్వకంగా చూపించేలా నియమం తేవాలి. ఉగాదికి, సంక్రాంతికి సభలు జరిపే తెలుగు సంఘాలు ఏడాదికి ఒక్క రోజు దీనికి కేటాయించినా బోలెడు మేలు. అమెరికాలో వ్యాపారాలు నడుపుతున్న తెలుగువారిపైనా బాధ్యత ఉంది. మనవాళ్లేనని తక్కువకు కుదుర్చుకోవడం కాదు, మనవాళ్లేనని పండగ సెలవు, ఆరోగ్య బీమా ప్రీమియం ఇవ్వడం అభిమానం అనిపించుకుంటుంది. అవతలివాడి ఖర్చు తగ్గడం వాడి వ్యాపారం. ఆ తగ్గింపు మన పిల్లల నిద్రలోంచి, భద్రతలోంచి కోత కోసినది కాకుండా చూసుకోవడం మన పని.