ఆట ఆగింది, కథ సాగింది

ఆటగాడి చేతికి పని లేకుండా పోతే దాన్ని వీడియో గేమ్ అనవచ్చా? జపాన్ సంస్థ స్క్వేర్ 1998లో ప్లేస్టేషన్ కోసం విడుదల చేసిన జెనోగియర్స్ పాతికేళ్లు దాటినా ఈ ప్రశ్నను వెంటేసుకునే తిరుగుతోంది. కథే ప్రాణంగా నడిచే జపనీస్ రోల్ ప్లేయింగ్ గేమ్‌లలో ఇంత ఎత్తుకు ఎగిరి, ఇంత బాహాటంగా చతికిలబడినవి అరుదు.

దర్శకుడు తెత్సుయా తకహాషి, ఆయన భార్య కవోరి తనకా మొదట ఫైనల్ ఫాంటసీ 7 కోసం అల్లిన కథ ఇది. ఆ సిరీస్‌కు మరీ బరువని తేలడంతో విడి గేమ్‌గా మారింది. కథానాయకుడు ఫే, లహాన్ అనే పల్లెలో బొమ్మలు గీసుకునే యువకుడు. ఆటగాడు మొదట ఆ పల్లె వీధుల్లో తిరుగుతాడు. ఇంటింటికీ వెళ్లి పలకరిస్తాడు. జరగబోయే పెళ్లి కబుర్లు వింటాడు. అంతలో యుద్ధం ఊళ్లోకి వచ్చిపడుతుంది. ఊరిని కాపాడాలని భారీ మరయంత్రమెక్కిన ఫే ఒళ్లు తెలియని ఆవేశంలో ఆ ఊరినే బూడిద చేస్తాడు. బటన్లు నొక్కింది ఆటగాడే కనుక ఆ పాపంలో అతడికీ వాటా ఉంటుంది. నవలకు, సినిమాకు సాధ్యం కాని పని ఇది.

అక్కడి నుంచి కథ పొరలు పొరలుగా విచ్చుకుంటుంది. రెండు దేశాల యుద్ధం వెనుక ఒక మతపీఠం, దాని వెనుక ఆకాశంలో దాగిన రాజ్యం, అన్నిటి వెనుక పదివేల ఏళ్లుగా జన్మలు దాటి సాగుతున్న ప్రేమ. పూర్వజన్మ వాసనల గురించి చిన్నప్పటి నుంచీ వింటున్న భారతీయుడికి ఇదేమంత చిక్కుముడి కాదు. యసునోరి మిత్సుదా సంగీతం అదనపు బలం.

లోపాలూ తక్కువేం కావు. సంభాషణలు నత్తనడక నడుస్తాయి. బేబెల్ గోపురంలో గెంతుతూ పైకి ఎక్కుతుంటే మధ్యలో శత్రువులు ఊడిపడతారు. అసలు దెబ్బ రెండో డిస్కులో. అందులో పాత్రలు కుర్చీలో కూర్చుని జరిగింది చెబుతుంటాయి. మధ్యమధ్య ఒక పోరాటం, మళ్లీ ప్రవచనం.

నిధులు కోసేయడమే ఇందుకు కారణమని అభిమానులు ఏళ్ల తరబడి నమ్మారు. 2017లో తకహాషి చెప్పింది వేరు. బృందంలో కొత్తవాళ్లు ఎక్కువ, గడువు తక్కువ. మొదటి డిస్కుతోనే ఆపేద్దామన్న సలహా వచ్చినా, ముగింపు లేకుండా ఇవ్వడం కన్నా కుదించి ఇవ్వడం నయమని ఆయనే ప్రతిపాదించారు.

నిజాయితీ గల నిర్ణయమే, కానీ మూల్యం పెద్దది. లహాన్ మంటలకు చెమర్చిన కళ్లు, లోకమంతా తలకిందులవుతున్నా పొడిగానే ఉండిపోతాయి. చేసినదానికీ విన్నదానికీ తేడా అది.

తకహాషి 1999లో మోనోలిత్ సాఫ్ట్ స్థాపించారు. ఆరు భాగాలనుకున్న జెనోసాగా 2006లో మూడో భాగంతోనే ముగిసింది. అందులోనూ సుదీర్ఘ దృశ్యాల మధ్య ఆట చిక్కిపోయిందన్న విమర్శ తప్పలేదు. 2010 నాటి జెనోబ్లేడ్ క్రానికల్స్‌లో గానీ ఆటగాడికి కథతో పాటు కాళ్లు చాపి తిరిగేంత నేల దక్కలేదు.

అయినా జెనోగియర్స్ మొదటి డిస్కు పూర్తిచేసినవారు రెండోదాన్ని మధ్యలో వదిలేయడం కష్టం. చివరిదాకా విని తీరతారు. అది ఆ కథ గెలుపు. వినాల్సి రావడమే ఆ ఆట ఓటమి.