ఒంటరి సెల్లుకు గడువు చట్టమే రాయాలి

అమలాపురంలో పుట్టి, ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన జి.ఎన్. సాయిబాబాకు 2017లో గడ్చిరోలి కోర్టు వేసింది యావజ్జీవ శిక్ష. ఒంటరి ఖైదు కాదు. అయినా 90 శాతం వైకల్యంతో చక్రాల కుర్చీలో ఉన్న మనిషి నాగపూర్ జైల్లో అండా సెల్ అనే ఒంటరి గదిలో ఏళ్లు గడిపారు. 2020 ఆగస్టులో తల్లి చనిపోతే కడచూపునకు కూడా పెరోల్ దొరకలేదు. 2024 మార్చి 5న బాంబే హైకోర్టు ఆయన్ను నిర్దోషిగా విడుదల చేసింది. అదే ఏడాది అక్టోబరు 12న హైదరాబాద్ నిమ్స్‌లో కన్నుమూశారు. ఆ సెల్లు ఏ తీర్పూ వేసిన శిక్ష కాదు కాబట్టే దానికి గడువు కూడా లేకపోయింది.

కోర్టు వేసే ఏకాంత ఖైదుకు లెక్క ఉంది. భారతీయ న్యాయ సంహిత ప్రకారం అది మొత్తం 3 నెలలు, ఒక్క విడతలో 14 రోజులు మించకూడదు. (ఆ శిక్షనే ఎత్తేయమని లా కమిషన్ 1971లోనే చెప్పింది. 2023లో కొత్త సంహిత తెచ్చినప్పుడూ దాన్ని వదులుకోలేదు.) అధికారులు భద్రత పేరుతో విడిగా పెడితే మాత్రం ఈ లెక్క వర్తించదు. శిక్షగానైనా మరో కారణంతోనైనా 24 గంటలు మించి సెల్లులో ఉన్నవాణ్ణి వైద్య సిబ్బంది రోజూ చూడాలని 1894 జైళ్ల చట్టం చెప్పింది. ఆ మరో కారణానికి ఎన్ని రోజులో చెప్పలేదు. ఉరిశిక్ష పడ్డవాణ్ణయినా, శిక్ష ఖరారు కాకముందు ఒంటరిగా ఉంచే అధికారం జైలుకు లేదని సుప్రీంకోర్టు 1978లో సునీల్ బాత్రా కేసులో తేల్చింది. ఐక్యరాజ్యసమితి మండేలా నియమాలు ఇంకా సూటిగా ఉన్నాయి. రోజుకు 22 గంటలో అంతకు మించో మనుషులతో మాటా మంతీ లేకుండా ఉంచితే అది ఏకాంత నిర్బంధమే, పేరేదైనా సరే. వరసగా 15 రోజులు దాటితే నిషిద్ధం.

తోటి ఖైదీల మీద దాడి చేసేవాణ్ణి ఏం చేయాలని జైలు సిబ్బంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అతన్ని విడిగా ఉంచాల్సిందే. విడిగా ఉంచడానికి ములాఖత్, పుస్తకం, నడక, డాక్టరు తీసేయనక్కర్లేదు. బాధితుల మాటేమిటని ఇంకొందరంటారు. వాళ్లకు దక్కాల్సిన న్యాయం తీర్పులో ఉంటుంది, సూపరింటెండెంట్ ఉత్తర్వులో కాదు. పైగా విచారణ ఖైదీలకు ఇంకా తీర్పే రాలేదు.

జైళ్లు రాష్ట్ర జాబితాలోవి. తుర్కయాంజాల్‌లో అరెస్టయి చర్లపల్లికి వెళ్లే మనిషికి ఏ రక్షణ ఉండాలో చెప్పాల్సింది తెలంగాణ శాసనసభే. 22 గంటల నిర్వచనం, 15 రోజుల గరిష్ఠ గడువు, రాతపూర్వక కారణం, జైలుతో సంబంధం లేని జడ్జి సమీక్ష: ఈ నాలుగూ చట్టంలో ఉండాలని మన ఎమ్మెల్యేలను అడుగుదాం.