కొత్త రైఫిల్‌ను తొలిరోజే తిట్టొద్దు



కొత్త .22 రైఫిల్ మొదటి పెట్టె తూటాలతోనే 50 మీటర్ల దూరాన గుండ్లన్నీ ఒకే కన్నంలో దూర్చాలన్న గత సంచిక వ్యాసకర్త కోరిక అత్యాశే. ఒలింపిక్ 50 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం అడ్డుకొలత 10.4 మిల్లీమీటర్లు, గుండుది 5.6. 2024 పారిస్‌ ఒలింపిక్స్‌లో మన షూటర్ స్వప్నిల్ కుసాలే కాంస్యం తెచ్చింది ఈ కొలతల మీదే. ఆ స్థాయి షూటర్లు లాట్ల వారీగా పరీక్షించి మరీ తూటాలు కొంటారు.

చిక్కు ఈ .22 రైఫిల్ వాడే రిమ్‌ఫైర్ తూటాలోనే ఉంది. నిప్పంటించే మందు అడుగు అంచు మడతలో ఉంటుంది. ఫైరింగ్ పిన్ కొట్టేది ఆ అంచునే. మందు సమంగా పరుచుకోకపోతే వేగం మారి గుండ్లు పైకీ కిందికీ చెదురుతాయి. నూనె తుడిచిన గొట్టంలోంచి వెళ్లే తొలి గుండ్లయితే లెక్కలోకే రావు.

ఎన్‌సీసీలో చేరిన ఆత్మకూరు పిల్లల్ని అడిగినా చెబుతారు: ముందు చూసేది గ్రూపింగ్, అంటే గుండ్లు దగ్గర దగ్గరగా పడటం. నడిమధ్యన పడటం సైటు సరిచేశాక సంగతి.

ఉదయగిరి కొండ కింద చేలల్లో దిగే అడవిపందులకు ఈ రైఫిలే మందన్న మాట మాత్రం ఆ వ్యాసకర్త రాయాల్సింది కాదు. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సున్నా, 1972 వన్యప్రాణి చట్టం వేరే ఉంది. పైగా ఆ చిన్న సీసపు గుండుకు పంది సులువుగా చావదు, గాయంతో చేలో పడి తిరుగుతుంది.

— ఒక పాఠకుడు, ఉదయగిరి