కాలం చేస్తే జైలేనా?

తాతగారు కాలం చేశారని గల్ఫ్‌లో ఉన్న మనవడికి కబురొచ్చింది అనుకోండి. సెలవు చీటీ రాయాలి. దుఃఖంలో ఉన్నవాడు డిక్షనరీ వెతుక్కోడు కదా. కాలం అంటే టైమ్, చేశారు అంటే డిడ్. 'మై గ్రాండ్‌ఫాదర్ డిడ్ టైమ్' అని రాసేస్తాడు. అది చదివిన మేనేజరుకి అర్థమయ్యేది, తాతగారు జైలుశిక్ష అనుభవించారని! ఇంగ్లిషులో 'డూయింగ్ టైమ్' అంటే ఊచలు లెక్కపెట్టడం. సెంట్రల్ జైలున్న రాజమండ్రి వాళ్లకి ఈ మాట గుర్తుపెట్టుకోవడం తేలికే. ఉప్పు సత్యాగ్రహంలో అరెస్టయిన తాతగారైతే రెండర్థాలూ నిజమే అనుకోండి. మామూలుగా అయితే 'పాస్‌డ్ అవే' అని రాయాలి. మనవాళ్లు 'ఎక్స్‌పైర్డ్' అని రాస్తుంటారు. తప్పని కాదు గానీ, మందు సీసాకీ పాలప్యాకెట్టుకీ వాడే మాట పెద్దాయనకెందుకు?

కాలం గురించిన ఇంగ్లిషు నుడికారాల్లో ఉన్న చిక్కే ఇది. మాటలన్నీ తెలిసినవే, అర్థం మాత్రం ఇంకెక్కడో ఉంటుంది. 'ఎట్ ది ఎలెవెన్త్ అవర్' అనగానే మనవాళ్లకి రాత్రి పదకొండు గుర్తొస్తుంది. నిజానికది సాయంత్రం అయిదు! బైబిల్లోని ద్రాక్షతోట కథ నుంచి వచ్చిన మాట ఇది. ఆ రోజుల్లో పొద్దు పొడిచినప్పటి నుంచి గంటలు లెక్కపెట్టేవారు. ఆరింటికి పొద్దు పొడిస్తే, పదకొండో గంటంటే పొద్దు వాలే వేళ. తోట యజమాని అప్పుడు కూడా కొంతమంది కూలీలని పనిలోకి పిలిచాడు. చీకటిపడ్డాక పొద్దుటి నుంచి చేసినవాళ్లకి ఎంతిచ్చాడో వీళ్లకీ అంతే ఇచ్చాడు. మిగతావాళ్లు గొణుక్కున్నారు. మన కోతల్లో అలా ఇచ్చి చూడండి, గొణుగుడుతో ఆగుతుందా! ఈ కథ తెలిస్తే అర్థం తెలిసినట్టే. పూర్తిగా చెయ్యి దాటిపోయే ముందు, ఆఖరి క్షణంలో అని.

'మేక్ హే వైల్ ది సన్ షైన్స్' డెల్టా రైతుకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. అయితే చిన్న తేడా. మన వరిగడ్డి హే కాదు, దాన్ని స్ట్రా అంటారు. పశువుల కోసం పచ్చగడ్డి కోసి ఎండబెట్టేది హే. ఆరేలోపు వాన పడిందా, కుళ్లిపోతుంది. మనకి చేలో పనల మీద వాన పడ్డట్టన్నమాట. 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమ వాళ్లని అడగండి, ఎండ విలువేమిటో చెబుతారు. తెలుగులో దీనికి దగ్గరగా దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమంటాం. వాళ్లకి ఎండ, మనకి దీపం.

'ఎ స్టిచ్ ఇన్ టైమ్ సేవ్స్ నైన్'లో నైన్ అంటే తొమ్మిది గంటలు కాదు, తొమ్మిది కుట్లు. చిరుగు చిన్నగా ఉన్నప్పుడే ఒక కుట్టు వేస్తే తర్వాత తొమ్మిది తప్పుతాయి. మనం గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవద్దంటాం. ఏటిగట్టుకి ఎలుక బొరియ పడితే ఒక తట్ట మట్టి చాలు, గండి పడ్డాక ఎన్ని బస్తాలేసినా చాలవు.

'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' అంటే మన 'అమావాస్యకో పున్నానికో'. లెక్క చూస్తే మనవి పదిహేను రోజులకొకటి వస్తాయి. ఒకే నెలలో వచ్చే రెండో పున్నమిని వాళ్లు బ్లూ మూన్ అంటారు. దానికి రెండున్నరేళ్ల పైనే ఆగాలి. 2023 ఆగస్టులో అలాగే రెండు పున్నములొచ్చాయి. చంద్రుడు మాత్రం నీలంగా లేడు.

ఇక 'ఆన్ టైమ్', 'ఇన్ టైమ్' సంగతి. గోదావరి ఎక్స్‌ప్రెస్ చెప్పిన నిమిషానికి స్టేషన్లోకొస్తే అది ఆన్ టైమ్. అది కదిలేలోపు మనం పెట్టెతో సహా ఎక్కేస్తే ఇన్ టైమ్. రైలు ఆన్ టైమ్ కాకపోబట్టే మనం ఇన్ టైమ్ అయిన రోజులూ ఉంటాయి.

ఉద్యోగాల్లో చేరే పిల్లలకి ఇంకొక్కటి. ఆలస్యంగా వెళ్లినప్పుడు పైఅధికారి 'ఇట్స్ అబౌట్ టైమ్' అన్నాడంటే టైము గురించి ఏదో చెప్పబోతున్నాడని ఎదురు చూడకండి. 'ఇప్పటికి తెల్లారిందా!' అని అర్థం. 'థాంక్యూ సర్' అనకుండా 'సారీ' చెప్పి కుర్చీలో కూర్చోండి.