జీతం లేని అక్క

పరిశోధన చేసే పిల్లల విషయంలో యూనివర్సిటీ పెద్దలకి ఈమధ్య ఓ మంత్రం దొరికింది. పీర్ మెంటరింగ్! పేరు ఘనమే గానీ సంగతి మనకి తెలిసిందే. ముందు చేరినవాళ్ళు వెనక చేరినవాళ్ళకి దారి చూపించడం. అత్తగారి కాఫీలో చక్కెర ఎంతో, మామగారి కోపం ఎంతసేపో పెద్ద కోడలు తోటికోడలికి చెప్పడం లాంటిదన్నమాట.

మంచిదేగా, ఇందులో తగువేమిటీ అంటారా? ఉంది.

పిహెచ్.డి. చేసే ఆడపిల్లకి ప్రసూతికీ, పసివాళ్ళ పెంపకానికీ కలిపి 240 రోజుల వరకూ సెలవుంది. ఆడవాళ్ళకి గడువులో మరో రెండేళ్ళ సడలింపూ ఉంది. 2022 నాటి యు.జి.సి. నిబంధనల్లో అచ్చయిన సంగతులే ఇవి. అయినా నెల తప్పిన అమ్మాయి "ఇంక నా చదువు ఇంతేనా అక్కా?" అని బావురుమంటే, కళ్ళు తుడిచి ఆ కాగితం వెతికిపెట్టేదెవరు? గైడుగారా? ఆఫీసు గుమాస్తానా? హాస్టల్లో పక్కగది అక్క!

ఆ అక్కకీ ఓ థీసిస్ ఉంది. గడువు మామూలుగా ఆరేళ్ళు, యు.జి.సి. ఫెలోషిప్పేమో అయిదేళ్ళే. చెల్లెళ్ళ సినాప్సిస్‌లు దిద్దుతూ కూర్చుంటే ఆమె అధ్యాయాలు ఎవరు రాస్తారు?

నేను చూసినంతలో ఈ పని అమ్మాయిల నెత్తినే ఎక్కువ పడుతుంది. అబ్బాయి సాయపడితే నాయకత్వ లక్షణం. అమ్మాయి సాయపడితే సహజమైన ఆప్యాయత! నాయకత్వానికి సర్టిఫికెట్ ఇస్తారు. ఆప్యాయతకి ఇంకో నలుగురు చెల్లెళ్ళని అప్పగిస్తారు.

"ఆప్యాయతకి వెల కడతారా?" అని కొందరు నొచ్చుకుంటారు. వంటింట్లో మనం తరతరాలుగా వింటున్న మాటే ఇది. సరే, అవే నిబంధనల్లో ఇంకో ముక్క చూడండి. ప్రొఫెసరు ఒకేసారి ఎనిమిదిమందికి మించి పరిశోధకుల్ని తీసుకోకూడదు. జీతం పుచ్చుకునే ఆయనకి లెక్క ఉంది. జీతం లేని అక్కకి లెక్కే లేదు!

అక్కలు వద్దని నేననను. అక్క లేని హాస్టల్లో ఒక్క సెమిస్టరైనా గడవదు. చేసేది పనే అని ఒప్పుకోమంటున్నాను, అంతే. అక్కకి ఇంతమందేనని ఓ హద్దు పెట్టండి. నెలకింత భత్యం ఇవ్వండి. అబ్బాయిలకీ సమంగా వంతు వెయ్యండి. దిగులుతో తిండీ నిద్రా మానేసిన పిల్లని మరో పిల్లకి అప్పగించి చేతులు దులుపుకోకండి. అందుకు చదువుకున్న మానసిక వైద్యులున్నారు, వాళ్ళని నియమించండి.

ఇక తల్లులకో మాట. "ఇక్కడ అందరికీ నేనే అక్కనమ్మా" అని మీ అమ్మాయి ఫోనులో మురిసిపోతే మీరూ మురిసిపోండి. ఆ వెంటనే, "మరి నీ థీసిస్ ఎన్నో అధ్యాయంలో ఉందే?" అని అడగడం మాత్రం మరచిపోకండి.