మైకు ఇటియ్యుండ్రి, మాటలు మా తాన ఉన్నయి

రేడియోల మాటల మీద ముచ్చట పెడుతరు. ఒక పండితుడు కూసుంటడు. ఏది ఒప్పు, ఏది తప్పు, ఏది గ్రామ్యం అని తీర్పు చెప్తడు. వినెటోడు ఫోన్ చేసి, "అయ్యా, మేమిట్ల అంటం, తప్పేనా?" అని అడుగుతడు. తల్లి నేర్పిన మాటకు సర్టిఫికెట్ అడుక్కునే గతి ఎందుకొచ్చింది మనకు? దశాబ్దాలపాటు రేడియో మనకు నేర్పింది తెలుగు ఒక్కటే కాదు, సిగ్గు కూడ.

జగిత్యాల రైతు "మొగులైంది" అంటడు. నవ్వుతరు. మొగులు పాత నిఘంటువులల్ల ఉన్న అచ్చ తెలుగు మాట. 'మేఘం' సంస్కృతం. ఎవల మాట తెలుగు? ఎవలను చూసి ఎవలు నవ్వాలె?

సిరిసిల్లకు రాండ్రి. నిఘంటువుల ఆసామి అంటే మనిషి, రైతు. సిరిసిల్లల ఆసామి అంటే సేటు తాన నూలు తెచ్చి, సాంచెలు నడిపిచ్చి, మీటర్ల లెక్కన గుడ్డ అప్పజెప్పెటోడు. సేటుకు, కార్మికునికి నడుమ నలిగేటోడు. ఈ అర్థం చెప్పాలంటె వ్యాకరణం చాలది, సాంచెల చప్పుడు విన్న చెవి కావాలె.

కోరుట్ల, జగిత్యాల ఊర్లల్ల 'ఖల్లివెల్లి' అనే మాటున్నది. అరబ్బీల దాని అర్థం 'వదిలెయ్, పోనియ్' అని. మన ఊర్లల్ల దాని అర్థం కఫీలును ఇడిసి, కాయిదాలు లేక, ఎడారి దేశంల దాక్కుంట బతికే మన పిలగాడు. బీడీలు చుట్టుకుంట పిల్లల సాదే తల్లికి ఈ మాట తెలుసు. ఆమెను ఏ స్టూడియోల కూసోబెట్టిండ్రు?

పండితుల మీద మాకు పగ లేదు. భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తి పదకోశం చేసిండు. 1962ల వ్యవసాయం మాటలు, 1971ల చేనేత మాటలు అచ్చయినయి. నాగలి పట్టినోన్ని, మగ్గం నేసినోన్ని అడిగి కూర్చిన మాటలవి. మన నలిమెల భాస్కర్ తెలంగాణ పదకోశం తెచ్చిండు. అడిగి నేర్చుకునేటోడు పండితుడు. అడగకుంట తీర్పు చెప్పేటోడు పటేలు.

మన మాటల రేడియో నడవదా? జహీరాబాద్ దిక్కు మాచునూర్ల 2008 అక్టోబర్ 15న సంగం రేడియో మొదలైంది. దళిత ఆడోళ్ళు మైకు పట్టిండ్రు. విత్తనాల ముచ్చట, పండుగల పాట, అన్నీ వాళ్ళ నోటి మాటలనే. ఏ పండితుడు తప్పులు దిద్దలేదు.

2014ల రాష్ట్రం వచ్చింది. కాళోజీ పుట్టిన సెప్టెంబర్ 9 తెలంగాణ భాషా దినోత్సవమైంది. ఆ దినం ఫొటోకు దండ. తెల్లారి ఎఫ్ఎంల మన యాస మల్ల జోకులకు. నవ్వులాటకు మన యాస, జ్ఞానానికి వాళ్ళ భాష. ఇందుకేనా కొట్లాడింది?

గాలి అలలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లనే చెప్పింది. విశ్వవిద్యాలయాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు, స్వచ్ఛంద సంస్థలు సొంత రేడియో పెట్టుకోవచ్చని 2006ల కేంద్రం విధానం తెచ్చింది. పొలాసల వ్యవసాయ కాలేజీ ఉన్నది. సిరిసిల్లల వ్యవసాయ కాలేజీ ఉన్నది. ఆడికి పోయి అడుగుదాం. వారానికి ఒక్క గంట మాటల ముచ్చట కావాలె. నిపుణుల కుర్చీల ఒకవారం సాంచెల కార్మికుడు, ఒకవారం బీడీల తల్లి, ఒకవారం గల్ఫ్ నుంచి తిరిగొచ్చినోడు. పండితుడు ఎదురుంగ కూసోని రాసుకోవాలె.

సాంచె ఆగితె దాని మాట కూడ ఆగుతది. ముసలోళ్ళు పోతె వాళ్ళ మాటలు కాట్లకే పోతయి. దండలు తర్వాత ఏతురు గని, ముందుగాల మైకు ఇటియ్యుండ్రి!