బూజు మక్కలకు లివర్ టానిక్ జవాబు కాదు

బ్రాయిలర్ పిల్లలు షెడ్డులో దిగిన వారంలోపే తాగునీళ్లలో లివర్ టానిక్ కలపాలన్నది మన కోళ్ల రైతుల్లో దాదాపు ఎవరూ ప్రశ్నించని ఆచారమైపోయింది. నేలవేము, నేలఉసిరి, గుంటగలగర, పసుపు ఉన్న మందు కదా, మేలు చేయకపోయినా కీడు చేయదని ధీమా. కీడు జరుగుతూనే ఉంది. ఆ సీసా మీద పెట్టుకున్న నమ్మకంతో దాణా సంగతి పట్టించుకోవడం మానేశాం.

టానిక్ పనిచేసిందనడానికి చూపే రుజువు ఏమిటి? మొదటి వారంలో చచ్చిన పిల్లను కోస్తే కాలేయం పసుపుగా కనిపిస్తుంది, తర్వాత కోసిన పిల్లల్లో ఎర్రబడుతుంది. కానీ గుడ్డు సొనలోని కొవ్వూ రంగూ చేరడం వల్ల ఆరోగ్యంగా ఉన్న పిల్లకూ తొలి రోజుల్లో కాలేయం పసుపుగానే ఉంటుంది. రెండో వారానికి దానంతటదే రంగు మారుతుంది. ఆ ఘనత టానిక్ ఖాతాలో పడుతోంది. రక్తంలో ఎస్‌జీపీటీ ఎంజైమ్ తగ్గిందని చూపే ప్రచారమూ ఇలాంటిదే. మనిషి కాలేయానికి అది మంచి సూచిక. కోడి కాలేయంలో ఆ ఎంజైమే చాలా తక్కువ.

నాలుగు వారాల కోడిలో కాలేయం ఉబ్బి, పాలిపోయి, వేలు పెడితే చితికిపోతుంటే అప్పుడు భయపడాలి. అందుకు ముందుగా అనుమానించాల్సింది గింజకు పట్టే బూజు వదిలే విషం అఫ్లాటాక్సిన్‌ను. వానాకాలం మక్కలు కోతకొచ్చే అక్టోబరులో వానలు పడతాయి, కంకులు రోడ్ల మీద ఆరతాయి, తేమ దిగకముందే గోదాములకు చేరతాయి. ఆస్పర్జిల్లస్ బూజుకు అంతకన్నా ఏం కావాలి? 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండిలో దొరికింది ఈ విషమే. బూజు కంటికి కనబడకపోయినా విషం గింజలో ఉండవచ్చు. పెల్లెట్ మిల్లు వేడికి నశించదు. కాలేయాన్ని చెడగొట్టడంతో ఆగదు, రోగనిరోధక శక్తినీ దించుతుంది. రానికెట్ టీకా వేసిన మందలోనూ రానికెట్ కనబడితే టీకాను తిట్టేముందు దాణాను పరీక్షించాలి.

మూలికలకు గుణం లేదని నేననను. అఫ్లాటాక్సిన్ కలిపిన మేత తిన్న కోళ్లకు మిల్క్ థిసిల్ మొక్క నుంచి తీసే సిలిమారిన్ ఇస్తే కాలేయం నష్టం తగ్గినట్టు ప్రయోగాలున్నాయి. కానీ ఆ మేలు విషం మాత్రమే తిన్న కోడిని విషంతోపాటు మందూ తిన్న కోడితో పోల్చినప్పుడు కనిపించేది. శుభ్రమైన మేత తిన్న కోడిని పక్కన పెట్టి చూస్తే మందు తిన్నది సాధారణంగా వెనకబడే ఉంటుంది. పైగా సిలిమారిన్ పేగు నుంచి రక్తంలోకి చేరేది కొద్దిగానే. మన సీసాల మీద మూలికల పేర్లుంటాయి, అసలు పనిచేసే పదార్థం ఎంతో చాలా వాటి మీద ఉండదు.

మొక్క కాబట్టి హాని లేదన్న మాటా నిలవదు. కసివిందను ఔషధమనే అంటాం, దాని గింజలు దాణాలో కలిస్తే కోడి కండరాలు దెబ్బతింటాయి. కొన్ని క్రోటలేరియా మొక్కల గింజల్లోని ఆల్కలాయిడ్లు నేరుగా కాలేయం మీదే పడతాయి.

దాణా వల్లే కాదు, గుండె చుట్టూ నీరు చేరే లీచీ వ్యాధిలోనూ కాలేయం పాడవుతుంది. అది అడినో వైరస్ పని, దానికి కావాల్సింది టానిక్ కాదు, టీకా.

ఇక దాణా సంగతికొస్తే, కాంట్రాక్టు రైతుకు దాన్ని కంపెనీయే పంపుతుంది, ఎంచుకునే హక్కు అతనికి లేదు. మక్కలు కొని మర పట్టించేవాళ్లది బాధ్యత అయినప్పుడు, కాలేయం పాడైతే రైతుకు టానిక్ సలహా ఇచ్చి చేతులు దులుపుకోవడం అన్యాయం. కోళ్ల దాణాలో అఫ్లాటాక్సిన్ బీ1 కిలోకు 20 మైక్రోగ్రాములు దాటకూడదని భారతీయ ప్రమాణాల సంస్థ పరిమితి పెట్టింది. ప్రతి లోడు మక్కలకూ తేమ, అఫ్లాటాక్సిన్ పరీక్ష చేయించి, ఆ ఫలితాన్ని దాణా బస్తాతోపాటు రైతు చేతికివ్వాలి. రైతు సంఘాలు కోళ్లను పెంచినందుకు కంపెనీ ఇచ్చే గ్రోయింగ్ చార్జీల కోసం బేరమాడే రోజునే ఈ కాగితాన్నీ అడగాలి.